పుదుచ్చేరికి విమానం ఆగిపోతే మీ పాయింట్ల సంగతేంటి? కోడ్‌షేర్, పీఎన్ఆర్, పరిహారం గురించి తెలుసుకోవాల్సినవి

వైతికుప్పం తీరం నుంచి లాస్‌పేటలోని పుదుచ్చేరి విమానాశ్రయానికి ఆటోలో వెళ్లొచ్చు. అక్కడ విమానం లేకపోతే మాత్రం ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టుకుని చెన్నై దాకా దాదాపు మూడు గంటలు ప్రయాణించాలి. హైదరాబాద్ నుంచి అరవిందాశ్రమానికి, ఆరోవిల్‌కు వచ్చేవారికి, పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చదివే తెలుగు విద్యార్థులకు, ప్రభుత్వ పనుల మీద రాజధానికి రావాల్సిన యానాం వాసులకు ఇది తెలిసిన కష్టమే.

ఒకే విమానయాన సంస్థలో తరచూ ప్రయాణిస్తూ పాయింట్లు కూడబెట్టుకున్నవారికి ఇంకో సమస్య కూడా ఉంది. తమ ఊరికి ఆ సంస్థ విమానం ఆగిపోతే ఆ పాయింట్లు ఏమవుతాయి? భాగస్వామ్య సంస్థల విమానాల్లో వాటిని వాడుకోవచ్చా? ముందే కొన్న టికెట్‌కు ఎవరు బాధ్యులు? పుదుచ్చేరి ఉదాహరణతో ఒక్కొక్కటిగా చూద్దాం.

పన్నెండేళ్లలో ఐదు ఆరంభాలు

పుదుచ్చేరిలో కొత్త టెర్మినల్ అందుబాటులోకి వచ్చాక 2013 జనవరిలో స్పైస్‌జెట్ బెంగళూరు సర్వీసు ప్రారంభించింది. 2014 మొదట్లో అది ఆగిపోయింది. 2015 ఏప్రిల్‌లో ఎయిర్ ఇండియా అనుబంధ సంస్థ అలయన్స్ ఎయిర్ బెంగళూరుకు విమానం నడిపింది. అదే ఏడాది అక్టోబరులో దాన్నీ ఆపేశారు.

కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద 2017 ఆగస్టు 16న స్పైస్‌జెట్ హైదరాబాద్ - పుదుచ్చేరి సర్వీసు మొదలుపెట్టింది. 2018లో బెంగళూరు కూడా కలిసింది. 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్‌తో దేశమంతటా విమానాలు నిలిచిపోయాయి. 2022 మార్చి చివర పుదుచ్చేరికి మళ్లీ వచ్చిన స్పైస్‌జెట్, సరిగ్గా రెండేళ్లకు 2024 మార్చి చివర వెళ్లిపోయింది. దాదాపు తొమ్మిది నెలల విరామం తర్వాత 2024 డిసెంబరు 20న ఇండిగో బెంగళూరు - పుదుచ్చేరి - హైదరాబాద్ మార్గంలో ఏటీఆర్ విమానంతో సర్వీసు ప్రారంభించింది.

అంటే పన్నెండేళ్లలో ఐదుసార్లు విమానం వచ్చింది, నాలుగుసార్లు ఆగింది. నడిపిన సంస్థలు మూడు. సంస్థ మారిన ప్రతిసారీ ప్రయాణికుడు కొత్త సభ్యత్వంలో చేరి, పాయింట్లు మళ్లీ మొదటి నుంచి కూడబెట్టుకోవాల్సి వచ్చింది.

చిన్న ఊళ్ల రూట్లు ఎందుకు నిలబడవు?

మొదటి కారణం రన్‌వే. పుదుచ్చేరి రన్‌వే పొడవు దాదాపు 1,500 మీటర్లు. ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 లాంటి జెట్ విమానాలు ఇక్కడ వాణిజ్య సర్వీసులు నడపడానికి ఇది చాలదు. డెబ్బై, ఎనభై సీట్ల లోపు ఏటీఆర్, క్యూ400 లాంటి టర్బోప్రాప్ విమానాలే దిగాలి. రన్‌వే పెంచాలంటే పక్కనే ఉన్న తమిళనాడు భూములు కావాలి. టర్బోప్రాప్‌లు ఉన్న సంస్థలు దేశంలో తక్కువ. ఉన్న కొద్ది విమానాల్లో ఒకటి మరమ్మతుకు వెళ్లినా, వేరే ఊళ్లో ఎక్కువ రాబడి కనిపించినా ముందు కోత పడేది ఇలాంటి రూట్లకే.

రెండో కారణం సబ్సిడీ గడువు. ఉడాన్‌లో కొన్ని సీట్లను తక్కువ ధరకు అమ్మినందుకు ప్రభుత్వం సంస్థకు నష్టభర్తీ ఇస్తుంది. ఆ సాయం మూడేళ్లే. ఆ తర్వాత రూటు సొంత కాళ్ల మీద నిలబడాలి. ఉడాన్ మూడో విడత వరకు కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదని కాగ్ 2023 నివేదికలో తేల్చింది. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసుకున్నవి 112. ఆ గడువు దాటాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54 మాత్రమే.

మూడో కారణం సంస్థల ఆరోగ్యం. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలై కడప, రాజమహేంద్రవరం లాంటి ఊళ్లకు విమానాలు నడిపిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఎంత పెద్ద సంస్థ అయినా దీనికి అతీతం కాదు. 2025 డిసెంబరులో పైలట్ల విశ్రాంతి నిబంధనలకు తగ్గట్టు సిబ్బందిని సర్దుకోలేక ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసింది. షెడ్యూల్‌లో 10 శాతం తగ్గించుకోవాలని ప్రభుత్వం ఆదేశించింది.

కోడ్‌షేర్, ఇంటర్‌లైన్, అలయన్స్: తేడా ఏంటి?

మన ఊరికి ఒక సంస్థ రాకపోయినా దాని భాగస్వామి వస్తుంది కదా అనుకుంటాం. భాగస్వామ్యాలన్నీ ఒకటి కావు.

ఇంటర్‌లైన్ ఒప్పందం ఉంటే రెండు సంస్థల విమానాలను ఒకే టికెట్‌పై కొనొచ్చు. సామాను చివరి గమ్యం వరకు చెకిన్ చేసే వీలుంటుంది. కానీ పాయింట్లు రావాలన్న నియమం లేదు.

కోడ్‌షేర్‌లో ఒక సంస్థ నడిపే విమానానికి మరో సంస్థ తన నంబరు పెట్టి అమ్ముకుంటుంది. టికెట్ మీద ఒక పేరు, విమానం మీద ఇంకో పేరు కనిపించేది ఇందుకే. ఇండిగోకు టర్కిష్ ఎయిర్‌లైన్స్, ఖతార్ ఎయిర్‌వేస్, ఎయిర్ ఫ్రాన్స్-కేఎల్ఎం వంటి సంస్థలతో ఇలాంటి ఒప్పందాలు ఉన్నాయి. పాయింట్లు ఏ ఖాతాలో, ఎన్ని పడతాయన్నది టికెట్ మీద ఎవరి నంబరు ఉంది, ఏ ఛార్జీ తరగతిలో కొన్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి పాయింట్లు వచ్చి మరొకరికి రాకపోవచ్చు.

అలయన్స్ అంటే సంస్థల కూటమి. ఎయిర్ ఇండియా 2014 జులైలో స్టార్ అలయన్స్‌లో చేరింది. కూటమిలో ఒక సంస్థ దగ్గర సంపాదించిన పాయింట్లు, గోల్డ్ లాంటి హోదా మిగతా సంస్థల్లోనూ పనికొస్తాయి. అయితే కూటమి బలం పెద్ద నగరాల మధ్యే. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు అది ఉపయోగపడుతుంది. హైదరాబాద్ నుంచి లాస్‌పేటకు ఉపయోగపడదు.

భాగస్వామ్యం రాత్రికి రాత్రే మారిపోవచ్చని చెప్పడానికి అలయన్స్ ఎయిరే ఉదాహరణ. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లింది. అలయన్స్ ఎయిర్ మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. 2022 ఏప్రిల్ 15 నుంచి రెండింటి బుకింగులు విడిపోయాయి. అంతకుముందు చిన్న పట్టణం నుంచి ఢిల్లీ మీదుగా విదేశం దాకా ఒకే సంస్థ ప్రయాణంగా సాగినది ఆ రోజు నుంచి రెండు వేర్వేరు సంస్థల వ్యవహారమైంది.

పాయింట్లకు ఏమవుతుంది?

రూటు ఆగినంత మాత్రాన పాయింట్లు రద్దు కావు. ఖాతాలోనే ఉంటాయి. కానీ వాటి విలువ తగ్గుతుంది. పుదుచ్చేరి వాసి పాయింట్లతో హైదరాబాద్ టికెట్ తీసుకోవాలంటే ఇక చెన్నై నుంచే తీసుకోవాలి. కారు ఖర్చు సొంతంగా భరించాలి. 78 సీట్ల విమానంలో పాయింట్లతో ఇచ్చే సీట్లు సహజంగానే తక్కువ. అవి కూడా లేకుండా పోతాయి.

హోదా విషయంలో ఇంకో చిక్కు ఉంది. చాలా పథకాల్లో ఏడాదిలో ఎంత ఖర్చు చేశారు, ఎన్నిసార్లు ఎక్కారు అన్న లెక్క మీద శ్రేణి నిర్ణయిస్తారు. ఊరి విమానం ఆగి, ప్రయాణంలో సగం రోడ్డు మీదకో రైలుకో మారితే ఆ లెక్క తగ్గుతుంది. మరుసటి ఏడాది అదనపు సామాను, ముందుగా సీటు ఎంచుకోవడం వంటి సౌకర్యాలు పోవచ్చు.

సంస్థే మూతపడితే పరిస్థితి వేరు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయినా, దాని జెట్ ప్రివిలేజ్ పథకం వేరే కంపెనీ చేతిలో ఉండటంతో పాయింట్లు బతికాయి. ఆ ఏడాది చివర్లో అది ఇంటర్‌మైల్స్‌గా పేరు మార్చుకుంది. విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో విలీనమైనప్పుడు క్లబ్ విస్తారా పాయింట్లు ఎయిర్ ఇండియా ఖాతాలకు బదిలీ అయ్యాయి. ప్రతి సంస్థ విషయంలోనూ ఇలాగే జరుగుతుందని భరోసా లేదు. పాయింట్లు బ్యాంకు డిపాజిట్ కావు. వాటి విలువను, గడువును మార్చే హక్కు తమకే ఉంటుందని సంస్థలు నిబంధనల్లో రాసుకుంటాయి.

రద్దయిన టికెట్‌కు డబ్బులొస్తాయా?

దేశీయ విమానాల రద్దు, ఆలస్యాలపై పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నిబంధనలు ఉన్నాయి. సర్వీసు రద్దయితే ప్రయాణికుడికి నచ్చిన ప్రత్యామ్నాయ విమానం గానీ, రీఫండ్ గానీ ఇవ్వాలి. ప్రయాణానికి 24 గంటల ముందు వరకూ సమాచారం ఇవ్వకపోతే పరిహారం కూడా చెల్లించాలి. విమాన ప్రయాణ సమయం గంట వరకైతే రూ.5,000, గంట నుంచి రెండు గంటలైతే రూ.7,500, అంతకు మించితే రూ.10,000. లేదా టికెట్ మూల ధర, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. హైదరాబాద్ - పుదుచ్చేరి రెండో కోవలోకి వస్తుంది. తుపాను లాంటి సంస్థ చేతిలో లేని కారణాలకు పరిహారం వర్తించదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ పరిహారం హఠాత్తు రద్దులకే. రూటునే ఎత్తేసేటప్పుడు సంస్థలు సాధారణంగా వారాల ముందే ప్రకటిస్తాయి. అప్పుడు దక్కేది రీఫండ్ లేదా ప్రత్యామ్నాయ విమానం, అంతే. ఆ ప్రత్యామ్నాయం చెన్నై వరకే అయితే అక్కడి నుంచి పుదుచ్చేరికి టాక్సీ ఖర్చు ఎవరిస్తారన్నది సంస్థతో తేల్చుకోవాల్సిందే. ప్రత్యామ్నాయానికి ఒప్పుకునే ముందే ఈ ప్రశ్న అడగాలి.

ఫ్రాన్స్‌తో పుదుచ్చేరికి ఉన్న బంధం వల్ల పారిస్ నుంచి వచ్చేవారు ఎక్కువ. యూరోపియన్ యూనియన్ దేశం నుంచి బయల్దేరే విమానాలకు అక్కడి 261/2004 నిబంధన వర్తిస్తుంది. భారత్ లాంటి దూరప్రయాణాల్లో సంస్థ తప్పు వల్ల రద్దయితే 600 యూరోల వరకు పరిహారం ఉంటుంది. పాయింట్లతో తీసుకున్న టికెట్లకూ ఈ రక్షణ ఉందని ఆ నిబంధనలోనే రాశారు.

ఒకే పీఎన్ఆర్ ఎందుకు ముఖ్యం?

యానాం నుంచి పుదుచ్చేరికి 800 కిలోమీటర్లకు పైనే. యానాం వాసి రాజమహేంద్రవరంలో విమానమెక్కి, హైదరాబాద్‌లో మారి, పుదుచ్చేరిలో దిగాలనుకున్నారనుకుందాం. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌పై ఉంటే, మొదటిది రద్దయి రెండోది తప్పిపోయినా గమ్యం చేర్చే బాధ్యత సంస్థదే. డీజీసీఏ నిబంధనల్లోనూ ఒకే టికెట్‌పై ఉన్న కనెక్టింగ్ విమానం ప్రస్తావన ఉంది. రెండు టికెట్లు విడివిడిగా కొంటే మాత్రం రెండోదానికి ‘ప్రయాణికుడు రాలేదు’ అని రాసేస్తారు. డబ్బు పోతుంది.

డాలస్ నుంచో దోహా నుంచో వచ్చేవారికీ ఇదే సూత్రం. విదేశీ సంస్థ టికెట్‌తో హైదరాబాద్ దాకా వచ్చి, అక్కడి నుంచి పుదుచ్చేరికి పాయింట్లతో విడిగా టికెట్ తీసుకుంటే లాభంగానే కనిపిస్తుంది. మధ్యలో ఆ చిన్న రూటు సమయం మారినా, రద్దయినా మొదటి సంస్థకు సంబంధం ఉండదు. అలా కొనక తప్పకపోతే రెండింటి మధ్య కనీసం ఒక రాత్రి వ్యవధి పెట్టుకోవడం మంచిది.

తరచూ ప్రయాణించేవారు ఏం చేయాలి?

- ఊరికి ఒకే సంస్థ విమానం ఉంటే ఆ సంస్థ పాయింట్లను ఏళ్ల తరబడి దాచుకోవద్దు. టికెట్‌కు సరిపడా కాగానే వాడేయండి.
- కొనే ముందు ‘ఈ విమానం నడిపేది ఎవరు’ అన్న చిన్న అక్షరాల లైను చదవండి. ఆ ఛార్జీ తరగతికి పాయింట్లు వస్తాయో లేదో పథకం పేజీలో చూసుకోండి.
- పాయింట్లు ఖాతాలో పడేదాకా బోర్డింగ్ పాసు దాచండి. భాగస్వామ్య విమానాల్లో పాయింట్లు పడకపోతే దరఖాస్తుకు అదే ఆధారం.
- రద్దు సందేశం రాగానే వోచరుకు ఒప్పుకోవద్దు. రీఫండ్ కోరే హక్కు మీకుంది. వోచరుకు గడువు ఉంటుంది, పైగా ఆ సంస్థ మీ ఊరికి రావడం మానేసి ఉండొచ్చు.
- బుకింగ్‌లో మీ సొంత ఫోన్ నంబరే ఇవ్వండి. ఏజెంటు నంబరు ఇస్తే సందేశం అక్కడికే వెళ్తుంది. సమాచారం ఇచ్చామని సంస్థ చెప్పుకుంటుంది.
- సంస్థ స్పందించకపోతే పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

ఇంకొక విషయం క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవాలి. విమాన షెడ్యూళ్లు ఏటా రెండుసార్లు, మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం మారతాయి. స్పైస్‌జెట్ పుదుచ్చేరికి తిరిగి రావడం, వెళ్లిపోవడం రెండూ మార్చి చివరే జరిగాయి. ఈ తేదీలు దాటాక ప్రయాణం పెట్టుకుంటే, కొత్త షెడ్యూల్‌లో మీ రూటు ఉందని నిర్ధారించుకున్నాకే టికెట్ కొనండి.