కీమోథెరపీ కాలంలో జ్వరం: కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

క్యాన్సర్‌కు వాడే కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలను నాశనం చేస్తాయి. ఎముక మూలుగలో తయారయ్యే తెల్ల రక్తకణాలు కూడా వాటితోపాటు తగ్గిపోతాయి. వీటిలో సూక్ష్మజీవులను ముందుగా ఎదుర్కొనే న్యూట్రోఫిల్ కణాలు సాధారణంగా మందు ఎక్కించిన 7 నుండి 14 రోజుల మధ్య బాగా క్షీణిస్తాయి. ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఇవి 500 కన్నా తగ్గితే ప్రమాదం తీవ్రమవుతుంది. గాయంలో చీము ఏర్పడేది ప్రధానంగా ఈ కణాల వల్లనే. అందుచేత ఇవి లోపించినప్పుడు వ్యాధి సోకినా పుండు మామూలుగానే కనిపించవచ్చును. అనేక సందర్భాలలో జ్వరమొక్కటే తొలి హెచ్చరిక.

జ్వరం వచ్చినప్పుడు

ఉష్ణోగ్రత 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అనగా 38 డిగ్రీల సెల్సియస్, లేక అంతకు మించితే తెల్లవారేదాకా వేచి ఉండరాదు. వణుకు, ఆయాసం, మగత, మూత్రంలో మంట, సూది గుచ్చినచోట ఎరుపు కనిపించినా, జ్వరం లేదని ఉపేక్షించరాదు. ఉష్ణోగ్రత చూడకముందే పారాసిటమాల్ వేసుకుంటే జ్వరం మరుగునపడుతుంది. ఆసుపత్రికి చేరిన గంటలోపు నరం ద్వారా యాంటీబయాటిక్ అందడం అవసరం.

సిరుగుప్ప నుండి బళ్ళారి సుమారు 55 కిలోమీటర్లు. బెంగళూరు కిద్వాయ్‌లోనో, హైదరాబాదు ఎం.ఎన్.జె.లోనో చికిత్స పొందుతున్నవారు జ్వరంతో అంత దూరం బయలుదేరడం ప్రమాదకరం. 108 వాహనంలో తాలూకా ఆసుపత్రికో, బళ్ళారి వైద్య కళాశాల ఆసుపత్రికో ముందు చేరాలి. అత్యవసరమైతే ఎక్కడికి వెళ్ళాలో చికిత్స చేసే వైద్యుని ముందే అడిగి ఉంచుకోవాలి.

నిత్య జాగ్రత్తలు

రోగి, సేవ చేసేవారు సబ్బుతో తరచుగా చేతులు కడుక్కోవాలి. కాచి చల్లార్చిన నీరు, కాచిన పాలు, వేడిగా వండిన భోజనం వాడాలి. మెత్తని బ్రష్షుతో పళ్ళు తోముకొని, ఉప్పునీటితో పుక్కిలించాలి. వడ్లు తూర్పారబట్టేటప్పుడు, పాత గడ్డివామి కదిపేటప్పుడు లేచే దుమ్ములోని బూజు ఊపిరితిత్తులకు చేటు. పేడ ఎత్తడం, బురదమడిలో దిగడం, జాతరలకు వెళ్ళడం మానాలి. ఫ్లూ టీకా గురించి వైద్యుని సంప్రదించాలి. సజీవ టీకాలు రోగికి వేయించరాదు.

ఇంట్లో డిజిటల్ థర్మామీటరు, మందుల పేర్లు, చివరిగా మందు ఎక్కించిన తేదీ రాసిన కాగితం సిద్ధంగా ఉంచాలి. ఆసుపత్రిలో మొదట చెప్పవలసిన మాట: “కీమో నడుస్తోంది, జ్వరం వచ్చింది.”