అంటుకోవడమే కాదు, ఊడి రావడం కూడా



పిల్లవాడి పుట్టినరోజు పండుగ అయిపోయింది. రంగు కాగితాల తోరణాలు తీసేద్దామని మీరు కుర్చీ ఎక్కి, గోడకు అంటించిన టేపు పట్టుకుని ఒక్క లాగు లాగారు. టేపుతో బాటు అరచెయ్యంత రంగు పెచ్చు ఊడి వచ్చింది. లోపలి లప్పం తెల్లగా బయటపడింది. సొంత ఇల్లయితే శ్రీవారు కాసేపు విసుక్కుని ఊరుకుంటారు. అద్దె ఇల్లయితేనో? మాకు ఒకసారి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రెండు గోడల రంగు ఖర్చు అడ్వాన్సులోంచి పోయింది. ఆ రోజున నేను, "ఈ టేపు కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ!" అని తిట్టుకున్న మాట నిజం.

తరవాత ఆ కథ చదివితే నాకే సిగ్గు వేసింది. ఎందుకంటారా? వేసిన రంగు చెడిపోకూడదనే కాగితపు టేపు పుట్టింది. దాన్నే మాస్కింగ్ టేపు అంటారు. అది పుట్టి నూరేళ్ళు దాటింది.

అమెరికాలో మినెసోటా రాష్ట్రంలో సెయింట్ పాల్ అని ఒక ఊరు. 1920ల్లో అక్కడ రెండు రంగుల కార్లంటే జనానికి మహా మోజు. మన చీరకు అంచు ఒక రంగు, ఒడలు ఒక రంగు ఉన్నట్టన్నమాట. ఒక రంగు వేశాక, దానిమీద రెండో రంగు పడకుండా పాత పేపర్లు కప్పి, ప్లాస్టరుతోనో జిగురుతోనో అంటించేవారు. రెండో రంగు ఆరాక వాటిని పీకితే మొదటి రంగు కూడా లేచి వచ్చేది. చేసిన పనంతా మళ్ళీ మొదటికి!

రిచర్డ్ డ్రూ అనే యువకుడు త్రీ ఎమ్ కంపెనీలో పనిచేస్తుండేవాడు. ఇంజనీరింగు చదువు మధ్యలో మానేసినవాడు. చదువు ఖర్చుల కోసం డాన్సు బృందాల్లో బాంజో వాయించినవాడు. ఆ రోజుల్లో ఆ కంపెనీ అమ్మేది ఉప్పు కాగితం. 1923లో దాని నమూనాలు పట్టుకుని ఒక కారు షెడ్డుకి వెళ్ళాడు. అక్కడ రంగు ఊడిపోయి పెయింటరు పెట్టే శాపనార్థాలు విన్నాడు. వినేసి ఊరుకోక, "నేను మీకు మంచి టేపు చేసి తెస్తాను" అని మాట ఇచ్చేశాడు. ఎలా చెయ్యాలో అతనికీ తెలియదు!

కష్టమంతా ఎక్కడుందో చూడండి. గట్టిగా అంటుకునే బంకకు లోకంలో కొదవ లేదు. కావలసింది అంటుకుని కూర్చుని, పని కాగానే మాట వినేది. మనం పెనం మీద అట్టు పోస్తాం. పిండి పెనాన్ని పట్టుకోవాలి, కాలాక చిరక్కుండా లేవాలి. రెండూ కుదిరితేనే అట్టు. డ్రూ నూనెలు, బంకలు, రకరకాల జిగుళ్ళు కలిపి రెండేళ్ళు తంటాలు పడ్డాడు. చివరకు వడ్రంగి పనిలో వాడే జిగురులో గ్లిజరిన్ కలిపి, ముడతలు ముడతలుగా సాగే క్రేప్ కాగితానికి పూస్తే పని జరిగింది.

ఈ మధ్యలో కంపెనీ పెద్ద విలియం మెక్‌నైట్, "అది వదిలేసి ఉప్పు కాగితం పని చూసుకో" అన్నాడు. కాగితానికి జిగురు పూసే యంత్రం కావాలంటే కొననివ్వలేదు. డ్రూకి నూరు డాలర్ల దాకా సొంతంగా సంతకం పెట్టి ఖర్చు చేసే అధికారం ఉంది. ఆ నూరు దాటకుండా చిన్న చిన్న బిల్లుల మీద యంత్రాన్ని సమకూర్చుకున్నాడు! పోపుల డబ్బాలో రూపాయి రూపాయి దాచే మనకు ఈ ఉపాయం ఒకరు నేర్పాలా?

1925లో టేపు తయారైంది. మొదట్లో అంచులకు మాత్రమే జిగురు పూశారట. అది నిలవక జారిపోతే ఒక పెయింటరు, "ఈ స్కాచ్ టేపు తీసుకెళ్ళి, నిండా జిగురు పూయమని మీ పెద్దలకు చెప్పు" అన్నాడట. స్కాచ్ అంటే స్కాట్లండు వాళ్ళు. వాళ్ళు పిసినారులని అక్కడ ఒక ఎగతాళి. ఆ ఎగతాళి మాటే టేపుకు పేరుగా నిలిచిపోయిందని చెబుతారు.

అదే డ్రూ 1930లో పారదర్శకమైన టేపు చేశాడు. మనం పుస్తకాల అట్టలకు వాడేది ఆ జాతిదే. రొట్టెలూ, తినుబండారాలూ చుట్టిన సెల్లోఫేన్ పొట్లాలు మూయడానికి పుట్టిందది. గోడల కోసం పుట్టలేదమ్మా! పొట్లాన్ని విడవకుండా పట్టుకోవడమే దాని ధర్మం. దాన్ని గోడకు అంటించి, రంగు ఊడిందని ఏడిస్తే తప్పెవరిది?

1968లో అదే కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి ఒక వింత జిగురు చిక్కింది. గట్టిగా పట్టదు, ఎన్నిసార్లు తీసినా మళ్ళీ అంటుతుంది. మనం రాత్రి నుదుటి నుంచి తీసి అద్దానికి పెట్టి, పొద్దున్నే మళ్ళీ పెట్టుకునే స్టిక్కరు బొట్టులాగా! ఏళ్ళ తరబడి అది ఎందుకూ కొరగాలేదు. 1974లో ఆర్ట్ ఫ్రై అనే సహోద్యోగి ప్రార్థన పాటల పుస్తకంలో గుర్తు కాగితాలు జారిపోతున్నాయని దాన్ని వాడుకున్నాడు. 1980 నుంచి అవి అమెరికా అంతటా అమ్మకానికి వచ్చాయి. గోడల పెయింటర్ల కోసం నీలం రంగు కాగితపు టేపు 1988లో వచ్చింది. 1996లో కిందికి సాగదీస్తే వదిలిపోయే పట్టీలు వచ్చాయి.

జపానులో కురాషికి ఊళ్ళో 1923లో ఈగల కాగితాలతో మొదలైన ఒక కంపెనీ, తరవాత పల్చని జపాను కాగితంతో మాస్కింగ్ టేపు చేసేది. 2006లో కొందరు స్త్రీలు ఆ టేపుతో తాము చేసిన చిత్రాల పుస్తకం పంపి, ఫ్యాక్టరీ చూస్తామన్నారు. ఇప్పుడు మన పిల్లలు కొనే రంగురంగుల వాషీ టేపులకు దారి తీసింది ఆ పుస్తకమే.

ఇంత కథా విన్నాక, మన గోడ దగ్గరికి వద్దాం. గోడ మీద పట్లు రెండు: టేపుకు రంగు మీద ఉన్న పట్టు ఒకటి, రంగుకు గోడ మీద ఉన్న పట్టు ఒకటి. టేపు లాగితే ఆ రెండింట్లో ఏది బలహీనమో అది వదులుతుంది. అందుకే సున్నం గోడకు ఏ టేపూ మంచిది కాదు. చేతికి పొడి అంటే డిస్టెంపరు కూడా అంతే. వాటికి మేకుకు కట్టిన దారమే శరణ్యం. ఎమల్షన్ గోడకు పెయింటర్ల నీలం టేపుగాని, వాషీ టేపుగాని వాడండి. మామూలు మాస్కింగ్ టేపయితే పండుగ కాగానే తీసెయ్యండి. ఎండ తగిలినకొద్దీ జిగురు మొండికేస్తుంది. కొత్తగా రంగు వేసిన గోడను రెండు మూడు వారాలు ముట్టుకోకండి. చెమ్మ గోడ జోలికి అసలే పోకండి. ముందుగా బీరువా చాటున చిన్న ముక్క అంటించి, ఒక రోజుంచి తీసి చూడండి. తీసేటప్పుడు టేపు కొసను వెనక్కి మడిచి, గోడ వెంబడే మెల్లగా లాగండి. వదలకపోతే జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో కొంచెం వెచ్చబెట్టండి. బరువైన పటాలకు మాత్రం ఈ టేపులు పనికిరావు.

దుకాణంలో, "గట్టిగా అంటుకునే టేపు ఇవ్వండి" అని అడగడం మనకు అలవాటు. ఈసారి, "రంగు చెడకుండా ఊడొచ్చే టేపు ఉందా?" అని అడిగి చూడండి. నూరేళ్ళ కింద ఆ పెయింటరు అడిగింది కూడా అదే. ఆయన పేరు ఎవరూ రాసి పెట్టలేదు గానీ, ఆయన కోపమే మన గోడలకు రక్ష.