ప్రమాణ సి: భాష వేరు, కంపైలర్ వేరు

ఐ.ఎస్.ఐ. ముద్ర మనందరికీ తెలిసిందే. దాన్ని ఇచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ కార్యాలయం ఢిల్లీలోని మానక్ భవన్. వస్తువులకు ఉన్నట్లే ప్రోగ్రామింగ్ భాషలకూ ప్రమాణాలుంటాయి.

సి భాషను డెన్నిస్ రిచీ 1970ల తొలినాళ్లలో బెల్ ప్రయోగశాలలో రూపొందించారు. 1978లో ఆయన, బ్రయన్ కెర్నిఘాన్ కలిసి రాసిన పుస్తకమే చాలాకాలం ప్రమాణంగా చెలామణి అయింది. అయితే కంపైలర్లు తలో దారి పట్టాయి. అందుకని 1983లో అమెరికాలో ఆన్సీ సంఘం ఏర్పడింది. దాని ప్రమాణం 1989లో వెలువడగా, 1990లో ఐ.ఎస్.ఓ. స్వీకరించింది.

మన ల్యాబుల్లోకి వచ్చింది మాత్రం బోర్లాండ్ వారి టర్బో సి. అది 1987 నాటిది, అంటే ప్రమాణం కన్నా ముందుది. ఢిల్లీ కేంద్రంగా పనిచేసే సి.బి.ఎస్.ఇ. పన్నెండో తరగతిలో సి++ ఉన్న రోజుల్లో, దాని తోబుట్టువు టర్బో సి++ ఎందరికో తొలి పరిచయం. అందులో ఇంట్ పరిమితి 32,767. అది భాషా నియమమనే చాలామంది అనుకున్నారు. నిజానికి అంతకు తగ్గకూడదన్నదే ప్రమాణం. నేటి కంప్యూటర్లలో ఆ పరిమితి సాధారణంగా 200 కోట్లు దాటుతుంది. కోనియో.హెచ్ కూడా ప్రమాణంలో లేదు.

మరి ఏం చేయాలి? జి.సి.సి. ఏమీ చెప్పకపోతే తన సొంత చేర్పులనూ అనుమతిస్తుంది. "-ఎస్‌టిడి=సి17 -పెడాంటిక్-ఎర్రర్స్ -వాల్" అని ఆదేశిస్తే ప్రమాణం వైపు మళ్లుతుంది; వాయిడ్ మెయిన్ రాస్తే హెచ్చరిస్తుంది. అయినా అన్ని తప్పులనూ అది పట్టలేదు. కాబట్టి కంపైలర్ ఒప్పుకుంటే చాలదు, ప్రమాణం ఏమంటుందో విద్యార్థి చూసుకోవాలి.