రణరంగానికి ఇవతలి మరణాలు

యుద్ధచరిత్రకారులు విమానాన్ని సాధారణంగా అది శత్రుభూభాగం మీద ప్రత్యక్షమయ్యే క్షణంలోనే పాఠకునికి చూపుతారు. కర్మాగారపు ప్రాంగణం నుండి దళపు స్థావరానికి, ఒక ఖండం నుండి మరొక ఖండానికి అది సాగించిన పూర్వప్రయాణం గణాంకపట్టికలలో ఒక అంకెగా మిగిలిపోతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో ఆ పూర్వప్రయాణమే వందలాది వైమానికులకు అంతిమప్రయాణమైంది. వారిని బలిగొన్నవి హిమపాతం, పొగమంచు, మొరాయించిన ఇంజను, అడుగంటిన ఇంధనం, మేఘాల వెనుక దాగిన కొండలు. శత్రువు ప్రమేయం దాదాపు లేని ఈ మరణాల కారణాలను వెదకబూనితే, యుద్ధకాలపు ప్రభుత్వాలు వేగాన్నీ భద్రతనూ ఏ త్రాసులో తూచాయో తెలిసివస్తుంది.

1939లో యుద్ధం ఆసన్నమైనప్పుడు బ్రిటన్‌కు ఎదురైన చిక్కు ఇది: కర్మాగారాలు ఉత్పత్తి చేసే విమానాలను స్థావరాలకు చేర్చడానికి పోరాటయోగ్యులైన పైలట్లను వినియోగిస్తే పోరాటానికి మనుషులు చాలరు, వినియోగించకపోతే పోరాడేవారికి విమానాలు అందవు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ సంస్థ డైరెక్టర్లలో ఒకడైన జెరార్డ్ డెర్లాంజే సూచన మేరకు, వయస్సు మీరడం చేతనో దేహలోపం చేతనో సైనికసేవకు అనర్హులైన పౌరపైలట్లతో ‘ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్సిలరీ’ అనే సంస్థ ఏర్పడింది. వైట్ వాల్తమ్ దానికి ప్రధానకేంద్రమైంది. ఒక కన్నూ ఒక చేయీ కోల్పోయినవాడు సైతం అందులో విమానాలు నడిపాడు. 1940 ప్రారంభంలో పాలీన్ గోవర్ నాయకత్వాన కొద్దిమంది స్త్రీలను చేర్చుకొన్నారు. మొదట వారికి టైగర్ మాత్ శిక్షణవిమానాలను మాత్రమే అప్పగించిన అధికారులు, అవసరం తరుముకొచ్చిన కొద్దీ హరికేన్, స్పిట్‌ఫైర్‌లను, చివరకు నాలుగింజన్ల బాంబర్లను సైతం అప్పగించారు. 1943లో స్త్రీపురుషులకు సమానవేతనాన్ని అంగీకరించారు. 1945 నవంబరులో రద్దయ్యేనాటికి ఈ సంస్థ 147 రకాలకు చెందిన 3,09,000 విమానాలను చేరవేసింది. ఆ క్రమంలో 170 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఈ సేవ స్వభావంలోనే ప్రమాదం ఇమిడి ఉంది. విమానాలను ఇంజన్ల సంఖ్యను, సంక్లిష్టతను బట్టి ఆరు తరగతులుగా విభజించి, ఒక తరగతిలో అర్హత పొందిన పైలట్ ఆ తరగతిలోని ఏ రకాన్నైనా, అంతకుముందు కంటితో చూడకపోయినా, నడపవచ్చునని నిర్ణయించారు. ఒక్కొక్క రకానికి అవసరమైన వేగాలు, మీటల అమరిక, ఇంధనవివరాలు చిన్న కార్డులపై అచ్చువేసి, జేబులో ఇమిడే పుస్తకంగా కూర్చి ఇచ్చారు. బయలుదేరబోయే ముందు ఆ పుట తిరగవేయడమే పలుమార్లు వారికి దొరికిన పరిచయం. వైర్‌లెస్ సదుపాయం లేదు. దిక్సూచి, పటం, గడియారం చేతబట్టి, క్రింద కనిపించే రైలుపట్టాలనూ నదులనూ ఆనవాళ్లుగా చేసుకొని, నగరాల చుట్టూ ఉక్కుతీగలతో ఎగురవేసిన నిరోధక బెలూన్లను తప్పించుకొంటూ వారు గమ్యం చేరవలసి వచ్చేది. మేఘాల అడుగుమట్టం 800 అడుగులకన్నా, దృశ్యస్పష్టత 2,000 గజాలకన్నా తగ్గితే బయలుదేరనక్కరలేదన్న నియమం వారికి ప్రధానరక్షణ. అయితే బయలుదేరినప్పుడు నిర్మలంగా ఉన్న ఆకాశం గంటలోపలే మూసుకుపోయే దేశంలో ఈ నియమం సగం రక్షణే అయింది.

1941 జనవరి 5న జరిగిన దుర్ఘటన ఇందుకు తార్కాణం. 1930లో కరాచీ, ఝాన్సీ, కలకత్తాల మీదుగా ఇంగ్లాండు నుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన తొలి మహిళగా లోకప్రసిద్ధి పొందిన ఎమీ జాన్సన్, ఆనాడు ఒక ఎయిర్‌స్పీడ్ ఆక్స్‌ఫర్డ్ విమానాన్ని బ్లాక్‌పూల్ నుండి ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని కిడ్లింగ్టన్‌కు చేర్చడానికి బయలుదేరింది. అది గంటసేపటి ప్రయాణం. గంటల కొద్దీ సమయం గడిచిన తరువాత, గమ్యానికి దాదాపు నూరుమైళ్ల తూర్పున, థేమ్స్ నదీముఖంలో హెర్న్ బే సమీపాన ఆమె పారాచూట్‌తో దిగుతుండగా నౌకాదళపు ‘హేజిల్‌మియర్’ నావికులు చూశారు. ఆమెను రక్షించడానికి గడ్డకట్టే నీటిలో దూకిన ఆ నౌకాధిపతి వాల్టర్ ఫ్లెచర్ సైతం మరణించాడు. ఆమె దేహం లభించలేదు. స్వపక్షపు తుపాకులే ఆమె విమానాన్ని కూల్చాయన్న వాదం తరువాతి కాలంలో తలెత్తినా, మేఘాల పైన దారితప్పి, నేల జాడ దొరకక, ఇంధనం తరిగి ఆమె దూకవలసి వచ్చిందన్న వివరణే లభ్యమైన ఆధారాలకు దగ్గరగా ఉంది.

ఇక్కడ సంస్థావిధానాన్ని తూచవలసి ఉంది. చేరవేత పైలట్లకు పరికరాల ఆధారంగా మేఘాలలో ఎగిరే శిక్షణను ఉద్దేశపూర్వకంగానే ఇవ్వలేదు. ఆ విద్య తెలిసినవాడు చెడువాతావరణంలోకి సాహసించి చొరబడతాడన్నది అధికారుల భయం. ఈ తర్కంలో కొంత వివేకం లేకపోలేదు. అయితే పైలట్ కోరకుండానే మేఘం కమ్ముకొన్నప్పుడు, ఆ అజ్ఞానం అతనికి కవచం కాజాలదు. ఏ శిక్షణ దుస్సాహసానికి ప్రేరకం కావచ్చునో, అదే శిక్షణ ఆపత్కాలంలో ప్రాణాధారం కూడా కావచ్చునన్న సంగతిని ఆ విధానం తగినంతగా గుర్తించలేదు.

అట్లాంటిక్ మీద సమస్య మరొక పరిమాణాన్ని సంతరించుకొంది. అమెరికాలో కొన్న విమానాలను పెట్టెలలో పేర్చి నౌకలపై తెస్తే నెలలు పట్టేది; జలాంతర్గాముల బెడద దానికి తోడు. ఎగిరివస్తే ఒక రాత్రి చాలును గాని, శీతాకాలపు ఉత్తర అట్లాంటిక్‌ను విమానాలు వరుసగా దాటగలవని నమ్మినవారు అరుదు. 1940 నవంబరు 10న డాన్ బెనెట్ నాయకత్వంలో ఏడు హడ్సన్ విమానాలు న్యూఫౌండ్లాండ్‌లోని గాండర్ నుండి బయలుదేరి, దారిలో తుఫానుకు చెల్లాచెదరై కూడా, మరునాడు ఏడూ బ్రిటన్ చేరుకోవడంతో ఆ సంశయం తొలగింది. సంశయంతో పాటు జాగ్రత్త కూడా కొంత తొలగిందని తరువాతి సంవత్సరం నిరూపించింది.

1941 ఫిబ్రవరి 20 రాత్రి గాండర్ నుండి బయలుదేరిన ఒక హడ్సన్‌లో, ఇన్సులిన్ ఆవిష్కరణకు 1923లో నోబెల్ బహుమతి పొందిన సర్ ఫ్రెడరిక్ బాంటింగ్ ప్రయాణికుడుగా ఉన్నాడు. ఇంజను విఫలం కాగా పైలట్ వెనుదిరిగాడు గాని, విమానం మస్గ్రేవ్ హార్బర్ సమీపపు అరణ్యంలో కూలింది. బాంటింగ్, మరి ఇద్దరు మరణించారు. పైలట్ ఒక్కడే బ్రతికి బయటపడ్డాడు.

అంతకన్నా ఘోరమైనవి ఆ వేసవి చివర జరిగాయి. విమానాలను బ్రిటన్ చేర్చిన సిబ్బంది తిరిగి కెనడాకు వస్తేనే తరువాతి విమానం కదులుతుంది. నౌకలో వారి తిరుగుప్రయాణానికి వారాలు పట్టేది. అందుచేత లిబరేటర్ బాంబర్లను, బాంబుల గదిలో మనుషులు కూర్చొనేలా మార్చి, తిరుగుప్రయాణానికి వినియోగించారు. 1941 ఆగస్టు 10న అటువంటి లిబరేటర్ ఒకటి స్కాట్లాండ్‌లోని ఎయిర్ వద్ద నేలవిడిచి, మేఘావృతమైన ఆరాన్ ద్వీపపు పర్వతాన్ని ఢీకొనగా 22 మంది మరణించారు. నాలుగు దినాల తరువాత అదే స్థావరంలో మరొకటి నేలవిడిచే ప్రయత్నంలోనే ధ్వంసమై మరి 22 మందిని బలిగొన్నది. ఉత్తర అమెరికాలో బ్రిటన్ యుద్ధసామగ్రి కొనుగోళ్లకు సూత్రధారి అయిన ఆర్థర్ పర్విస్ వారిలో ఒకడు. సెప్టెంబరు 1న కెనడా నుండి వస్తున్న మూడవ లిబరేటర్ స్కాట్లాండ్‌లోనే కింటైర్ కొండలలో కూలగా పదిమంది మరణించారు. మూడు వారాలలో పోయిన ఈ 54 ప్రాణాలలో చాలా భాగం సముద్రాన్ని విమానంలో దాటిన అనుభవం గల సిబ్బందివి. అటువంటి నైపుణ్యం ఆనాడు విమానాలకన్నా అరుదైనది. కాలాన్ని మిగుల్చుకోవాలన్న ఆత్రమే కాలం తప్ప మరేదీ పూరించలేని నష్టాన్ని తెచ్చిపెట్టింది.

అయితే ఈ దుర్ఘటనలు వృథా పోలేదు. ఆ జూలైలోనే సర్ ఫ్రెడరిక్ బోహిల్ అధిపతిగా ఫెర్రీ కమాండ్ ఏర్పడి ఉన్నది; తిరుగుప్రయాణాల బాధ్యతను సెప్టెంబరులో పౌరవిమానయాన సంస్థ అయిన బీఓఏసీ స్వీకరించింది. గూస్ బే వద్ద, గ్రీన్లాండ్, ఐస్లాండ్‌లలో మజిలీస్థావరాలు వెలిశాయి. గాండర్‌లో వాతావరణ శాస్త్రజ్ఞుల అంచనాలు పైలట్ల నిర్ణయాలకు ప్రమాణమయ్యాయి. ఈ మార్గాలలో మొత్తంమీద 9,000కు పైగా విమానాలు గమ్యం చేరాయి. 500కు పైగా వైమానికులు, ప్రయాణికులు మరణించారు. మొదటి అంకె సంశయవాదుల ఊహకు అందనిది. రెండవది మొదటిదానితో సరిపోల్చి మరచిపోదగినది కాదు.

ఇతర మార్గాల చరిత్ర ఇదే సత్యాన్ని భిన్నరూపాలలో చెబుతుంది. 1940 సెప్టెంబరు నుండి పశ్చిమాఫ్రికాలోని తకొరాడి రేవులో కూర్చిన యుద్ధవిమానాలు, దారిచూపే ఒక పెద్దవిమానం వెంట, ఎడారుల మీదుగా 3,700 మైళ్ల దూరాన ఉన్న కైరోకు ఎగిరాయి. మార్గదర్శి కనుమరుగైతే వెనుకవారికి దిక్కు లేదు, ఇసుక ఇంజన్ల ఆయుష్షును హరించేది. 1942 జూలై 15న బ్రిటన్‌కు వెళుతున్న ఆరు పీ-38 యుద్ధవిమానాలు, రెండు బీ-17 బాంబర్లు వాతావరణం వికటించి గ్రీన్లాండ్ హిమఫలకంపై దిగవలసి వచ్చింది. ఎనిమిది విమానాలూ అక్కడే కూరుకుపోయినా, 25 మందీ సజీవంగా రక్షింపబడ్డారు. వైర్‌లెస్, గాలింపు ఏర్పాట్లు, సకాలంలో దిగిపోవాలన్న నాయకుల నిర్ణయం కూడివస్తే ప్రమాదం మరణంగా పరిణమించనక్కరలేదని ఆ ఘటన చాటింది.

అమెరికా ప్రధానభూభాగం మీద శత్రువిమానాల దాడి దాదాపు జరగలేదు. అయినా శిక్షణ, చేరవేత, రవాణా ప్రయాణాలలో అక్కడి సైనిక వైమానిక దళం సుమారు 15,000 మందిని కోల్పోయింది. 1941 డిసెంబరు 7 ఉదయం పెర్ల్ హార్బర్ గగనంలో శిష్యునికి విద్య నేర్పుతూ జపాను దాడిని కళ్లారా చూసి బ్రతికిన కార్నీలియా ఫోర్ట్, 1943 మార్చి 21న టెక్సాస్‌లోని మెర్కెల్ సమీపాన, శిక్షణవిమానాన్ని చేరవేస్తూ సహచరుని విమానం తగలడంతో మరణించింది. సైన్యం కోసం ఎగిరిన అమెరికన్ మహిళా పైలట్లు 38 మంది ఈ సేవలో అసువులు బాశారు. వారు చట్టం దృష్టిలో పౌరులు గనుక సైనికలాంఛనాలు గాని, అంత్యక్రియల ఖర్చు గాని ప్రభుత్వం నుండి లభించలేదు. సహచరులు చందాలు వేసుకొని దేహాలను ఇండ్లకు పంపవలసి వచ్చింది. వారి సేవకు సైనికహోదా 1977లో గాని దక్కలేదు. బ్రిటన్‌లో సైతం బ్రతికి ఉన్న చేరవేత పైలట్లకు ప్రభుత్వపు ప్రత్యేక గుర్తింపుచిహ్నం 2008లో అందింది.

ఈ చరిత్రను సమగ్రంగా చూచినవారికి ఎవరినీ ఏకపక్షంగా దోషులనడం సాధ్యం కాదు. 1940లో విమానం ఆలస్యమైతే దాని మూల్యం మరొకచోట మరొకరి ప్రాణంతో చెల్లింపబడేది. అధికారులు ఎంచుకొన్న వేగానికి అది సమర్థన. కాని ఆరాన్ పర్వతం పటంలో ఉన్నదే. శీతాకాలపు మేఘాలు ప్రతి సంవత్సరం వచ్చేవే. వైర్‌లెస్ ఉపయోగం అందరికీ తెలిసినదే. వేగం అనివార్యం చేసిన మరణాలు కొన్ని, తెలిసిన జాగ్రత్తను వాయిదా వేసినందువల్ల సంభవించినవి కొన్ని. ఈ రెండింటినీ ‘ప్రమాదం’ అన్న ఒకే పద్దు క్రింద జమకట్టడం పాలకులకు సౌకర్యం. వాటిని వేరుపరచి లెక్క తేల్చడం చరిత్రకారుని విధి.