తొమ్మిది గెలుపులు, డెబ్బై మూడు ఓటములు



పోయిన నెల సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చాక మన గ్రూపులోంచి ముగ్గురు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే ఇద్దరు ఎత్తలేదు. ఎత్తిన ఒక్క తమ్ముడూ "నాలుగు సబ్జెక్టులు పోయినయ్ అన్నా, ఇంక ఏం ముఖం పెట్టుకుని గ్రూపులో ఉండాలి" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఓడిపోవడం గురించి ఒక పోస్టు రాయాలని అనుకుంటున్నాం.

రంప గురించి, జోడేఘాట్ గురించి, ఇంద్రవెల్లి గురించి ఈ గ్రూపులో చాలాసార్లు రాసుకున్నాం. ఈసారి చాలా దూరం పోయి, అమెరికాలోని ఒక బాస్కెట్‌బాల్ జట్టు చరిత్ర చూద్దాం. మన ఊళ్ళలో వాలీబాల్, కబడ్డీ ఆడినంతగా ఈ ఆట ఆడం. అయినా ఈ కథ అర్థం కావడానికి ఆట తెలియనక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు.

జట్టు పేరు ఫిలడెల్ఫియా సెవంటీ సిక్సర్స్. అందరూ సిక్సర్స్ అనే అంటారు. ఆడేది ఎన్‌బీఏ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో. 1972-73 సీజన్లో ఈ జట్టు 82 మ్యాచ్‌లు ఆడి 9 గెలిచింది, 73 ఓడింది. ఎన్‌బీఏలో అంతకుముందు ఏ జట్టూ ఒక సీజన్లో అన్ని మ్యాచ్‌లు ఓడలేదు. అదే సీజన్లో వాళ్ళ డివిజన్లోనే ఉన్న బోస్టన్ సెల్టిక్స్ 68 గెలిచింది. అంటే పై జట్టుకీ కింది జట్టుకీ 59 గెలుపుల తేడా.

ఇక్కడిదాకా చదివిన వాళ్ళు ఇది మొదటి నుంచీ చేతగాని జట్టు అనుకుంటారు. కాదు. సరిగ్గా ఆరేళ్ళ ముందు, 1966-67లో, ఇదే సిక్సర్స్ 68 గెలిచి 13 మాత్రమే ఓడింది. విల్ట్ చాంబర్లిన్, హాల్ గ్రీర్, చెట్ వాకర్, బిల్లీ కన్నింగ్‌హామ్, లూక్ జాక్సన్ ఆడిన జట్టు అది. వరసగా ఎనిమిదేళ్ళు కప్పు గెలుస్తూ వచ్చిన బోస్టన్‌ను ఆపింది వీళ్ళే. ఎన్‌బీఏ చరిత్రలో గొప్ప జట్ల లిస్టు ఎవరు రాసినా ఆ జట్టు అందులో ఉంటుంది.

మరి ఆరేళ్ళలో ఏం జరిగింది? ఈ చరిత్రలో మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఉన్న మనుషులు ఒక్కొక్కరే పోయారు, వాళ్ళ చోటికి సరైన వాళ్ళు రాలేదు.

1968లో విల్ట్ చాంబర్లిన్‌ను లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేసి, బదులుగా ముగ్గురిని తెచ్చుకున్నారు. ఆ ముగ్గురిలో బాగా ఆడినవాడు ఆర్చీ క్లార్క్. 1971లో అతన్నీ బాల్టిమోర్‌కు ఇచ్చి కెవిన్ లాఫరీని, ఫ్రెడ్ కార్టర్‌ను తెచ్చుకున్నారు. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి. 1969లో చెట్ వాకర్‌ను చికాగోకు పంపారు. లూక్ జాక్సన్ గాయం నుంచి పూర్తిగా కోలుకోలేక 1972లో ఆట మానేశాడు. అదే ఏడాది బిల్లీ కన్నింగ్‌హామ్ ఏబీఏ అనే పోటీ లీగ్‌లోని కరోలినా కౌగర్స్ జట్టుకు వెళ్ళిపోయాడు. కోచ్ జాక్ రామ్సే కూడా బఫలో జట్టుకు వెళ్ళిపోయాడు. 1971-72లోనే సిక్సర్స్ 30 గెలిచి 52 ఓడింది. చెరువుకి గండి అప్పటికే పడింది. నీళ్ళన్నీ పోయింది తర్వాతి ఏడాది, అంతే.

పోయినవాళ్ళు ఎలా ఉన్నారో కూడా చూడండి. 1971-72లో విల్ట్ ఉన్న లేకర్స్ వరసగా 33 మ్యాచ్‌లు గెలిచి ఆ ఏడాది కప్పు కొట్టింది. సిక్సర్స్ 73 ఓడిన ఏడాదే కన్నింగ్‌హామ్ ఏబీఏలో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఆటగాళ్ళు చెడిపోలేదు. వాళ్ళను నిలబెట్టుకోలేని జట్టు చెడిపోయింది.

ఇలాంటి జట్టుకు కొత్త కోచ్‌గా రాయ్ రూబిన్ వచ్చాడు. లాంగ్ ఐలాండ్ యూనివర్సిటీలో 11 సీజన్లు కోచ్‌గా చేసినవాడు, అక్కడ ఓటముల కంటే గెలుపులే ఎక్కువ చూసినవాడు. కానీ కాలేజీ జట్టు ఏడాదికి ఆడేది పాతిక మ్యాచ్‌ల లెక్క. ఇక్కడ 82. అక్కడ పిల్లలు సార్ చెప్పినట్టు వింటారు. ఇక్కడ పదేళ్ళ నుంచి ఆడుతున్న పెద్ద ఆటగాళ్ళున్నారు. ప్రొఫెషనల్ ఆటలో అతనికి అనుభవం సున్నా.

మొదటి 15 మ్యాచ్‌లూ ఓడిపోయారు. తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి గెలిచారు. జనవరిలో ఆల్ స్టార్ విరామం వచ్చేసరికి లెక్క 4 గెలుపులు, 47 ఓటములు. రూబిన్‌ను తీసేశారు. మళ్ళీ అతను ఎన్‌బీఏలో ఏ జట్టుకూ కోచ్‌గా చేయలేదు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఈ సీజన్ గురించి ఎవరు రాసినా ముందు రూబిన్ పేరే వస్తుంది. అతను తప్పులు చేయలేదని మేం అనడం లేదు. కానీ విల్ట్‌ను పంపింది అతను కాదు. వాకర్‌ను ఇచ్చేసింది అతను కాదు. కన్నింగ్‌హామ్ పోతుంటే ఆపలేకపోయిందీ అతను కాదు. నాలుగైదేళ్ళ నిర్ణయాల బరువంతా చివర్లో వచ్చిన మనిషి నెత్తిన పడింది. ఇది మనకు తెలియని సంగతి కాదు. ఐదో తరగతి దాకా ఒక్క టీచర్ కూడా సరిగ్గా లేని బడిలో చదివి, ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష, కాలేజీలో మూడో భాషతో నెట్టుకొచ్చిన పిల్లవాడు ఇంజనీరింగ్ ఫస్టియర్ మ్యాథ్స్‌లో ఫెయిలైతే, మార్కుల మెమో మీద వాడి పేరొక్కటే ఉంటుంది. అంతకుముందు పన్నెండేళ్ళలో ఎవరు ఏం చేయలేదో ఆ కాగితం మీద ఉండదు.

రూబిన్ తర్వాత జట్టును ఎవరికి అప్పజెప్పారు? ఇందాక గుర్తుపెట్టుకోమన్న కెవిన్ లాఫరీకి. అతను అప్పటిదాకా జట్టులో ఆటగాడే. అతను వచ్చాక వెంటనే ఏమీ మారలేదు. ఇంకో 11 ఓడిపోయారు. లెక్క 4-58 అయ్యింది. రూబిన్ చివరి తొమ్మిదితో కలిపితే వరసగా 20 ఓటములు. ఫిబ్రవరిలో మిల్వాకీ బక్స్ మీద గెలిచి ఆ వరస ఆపారు. ఆ బక్స్‌లో ఉన్నది కరీం అబ్దుల్ జబ్బార్. అది ఆ సీజన్లో 60 గెలిచిన జట్టు. అక్కడి నుంచి ఏడు మ్యాచ్‌ల్లో ఐదు గెలిచారు! ఇంక గట్టెక్కారు అనుకునేలోపు చివరి 13 మ్యాచ్‌లు వరసగా ఓడిపోయారు. సినిమా అయితే ఆ ఐదు గెలుపుల దగ్గర ఆపేసేవాళ్ళు. చరిత్ర కాబట్టి ఆ పదమూడూ చెప్పుకోవాలి. ఒకసారి లేచిన మనిషి మళ్ళీ పడొచ్చు. అలా పడ్డంత మాత్రాన ముందు లేచింది అబద్ధం అయిపోదు.

ఇప్పుడు ఆ జట్టులో ఇద్దరు మనుషుల గురించి. 9-73 అనే అంకె వీళ్ళను కనబడకుండా చేసింది.

ఒకరు హాల్ గ్రీర్. వెస్ట్ వర్జీనియాలో పుట్టిన నల్లజాతి ఆటగాడు. ఆ రాష్ట్రంలో ఒక పెద్ద కాలేజీ జట్టుకు ఆడిన మొదటి నల్లజాతి విద్యార్థి అతనే. మన ఊళ్ళ నుంచి మొదట కాలేజీ గడప తొక్కిన అక్కలకు, అన్నలకు 'మొదటి' అనే మాట ఎంత బరువో తెలుసు. 1958లో జట్టు ఇంకా సిరక్యూస్ ఊళ్ళో ఉన్నప్పుడు చేరి, 1963లో అది ఫిలడెల్ఫియాకు మారినప్పుడు దాంతోనే వచ్చి, 15 సీజన్లు ఒకే జట్టుకు ఆడాడు. 73 ఓడిన ఏడాదే అతని ఆఖరి సీజన్. వయసు 36. ఆడింది 38 మ్యాచ్‌లే, ఎక్కువ రోజులు బెంచీ మీదే. అయినా మొత్తం 1,122 మ్యాచ్‌లతో, అప్పటికి ఎన్‌బీఏలో అందరికన్నా ఎక్కువ మ్యాచ్‌లు ఆడినవాడిగా రిటైర్ అయ్యాడు. ఆ జట్టు కప్పు గెలిచిన ఏడాదీ ఉన్నాడు, అడుగుకు పోయిన ఏడాదీ ఉన్నాడు. ఒక్క సీజన్ చూసి గ్రీర్‌ను కొలిస్తే మనమే తప్పు.

రెండోవాడు ఫ్రెడ్ కార్టర్. ఫిలడెల్ఫియాలోనే పుట్టి పెరిగినవాడు. ఆ సీజన్లో మ్యాచ్‌కు సగటున 20 పాయింట్లు వేశాడు, జట్టులో అతనే టాప్. ఆఖర్న జట్టు మొత్తంలో విలువైన ఆటగాడిగా అతన్నే ఎంపిక చేశారు. ఇంత ఓడిన జట్టులో ఆ బిరుదు ఏంటని తర్వాత తనే నవ్వుతూ చెప్పుకునేవాడు. కానీ అతను నిలబడ్డాడు. 1973-74లో జట్టు 25 గెలిచింది. తర్వాతి ఏడాది 34. 1975-76లో 46 గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది. ఆ మూడేళ్ళూ కార్టర్ జట్టులో ఉన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత అదే జట్టుకు కోచ్ కూడా అయ్యాడు.

ఈ 9, 25, 34, 46 ఊరికే రాలేదు. ఎన్‌బీఏలో ఒక నియమం ఉంది. అడుగున ఉన్న జట్టును లీగ్ నుంచి తీసేయరు. పైగా, కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్ళను ఎంచుకునేటప్పుడు వెనకబడ్డ జట్లకు ముందు అవకాశం ఇస్తారు. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఆ రోజుల్లో రెండు కాన్ఫరెన్సుల్లో అడుగున ఉన్న జట్ల మధ్య బొమ్మా బొరుసూ వేసి మొదటి ఛాన్స్ ఎవరిదో తేల్చేవాళ్ళు. 1973లో అది సిక్సర్స్‌కు వచ్చింది. డగ్ కాలిన్స్‌ను తీసుకున్నారు, అతను తర్వాత ఆల్ స్టార్ అయ్యాడు.

ఈ నియమాన్ని అక్కడ ఎవరూ దానం అనరు. ఓడిన జట్టుకు టాలెంట్ లేకపోయినా తెచ్చి పెడుతున్నారు అని ఏడవరు. ఎప్పుడూ ఒకే జట్టు గెలుస్తుంటే లీగే బతకదని వాళ్ళకు తెలుసు, అందుకే పెట్టుకున్నారు. మన సీటు గురించి క్లాసులో వెనక నుంచి మాటలు వినబడినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి. డ్రాఫ్టూ రిజర్వేషనూ ఒకటే అని మేం అనం. అక్కడ వెనకబడింది ఆరేళ్ళలో, డబ్బున్న ఓనర్ ఉన్న జట్టు. మనది తరాల లెక్క. కానీ వెనకబడ్డవాళ్ళకు దారి ఇస్తేనే ఆట అందరిదీ అవుతుందన్న ఆలోచన రెండింట్లోనూ ఉంది.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. డ్రాఫ్ట్ ఛాన్స్ సిక్సర్స్‌కు అంతకుముందు ఏళ్ళలో కూడా వచ్చింది. అయినా కిందికే పోయారు. ఛాన్స్ రావడం ఒక ఎత్తు, వచ్చినవాణ్ణి నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. మనకు సీటు వస్తుంది. సీటు వచ్చాక మొదటి ఆరు నెలలు ఎవరు పక్కన ఉన్నారు? ఈ ప్రశ్న ప్రభుత్వాన్నీ అడగాలి, మనల్ని మనమూ అడుక్కోవాలి.

మిగతా కథ చిన్నది. 1976లో జూలియస్ ఎర్వింగ్ వచ్చాడు. 1977లో సిక్సర్స్ ఫైనల్స్‌కు వెళ్ళి పోర్ట్‌లాండ్ చేతిలో ఓడింది. పోర్ట్‌లాండ్ కోచ్ ఎవరో తెలుసా? ఇక్కడి నుంచి వెళ్ళిపోయిన జాక్ రామ్సే. 1983లో సిక్సర్స్ మళ్ళీ కప్పు గెలిచింది, ఫైనల్స్‌లో లేకర్స్‌ను 4-0తో ఓడించి. ఆ జట్టు కోచ్ బిల్లీ కన్నింగ్‌హామ్. 1972లో వెళ్ళిపోయినవాడే. పోయినవాడు 1974లో ఆటగాడిగా తిరిగొచ్చాడు, గాయంతో ఆట ఆగిపోతే కోచ్ అయ్యాడు. తలుపు తెరిచి ఉంది కాబట్టే రాగలిగాడు.

మేం ఈ పోస్టు రాసింది ఆ మాట కోసమే. వెళ్ళిపోయిన ముగ్గురి నంబర్లు మా దగ్గర ఉన్నాయి. ఈ పోస్టు వాళ్ళకు విడిగా పంపిస్తాం. తమ్ముళ్ళూ, మీరు నాలుగు సబ్జెక్టులు పోయాయని ముఖం దాచుకుంటున్నారు. ఈ గ్రూపులో అడ్మిన్లుగా ఉన్న ఐదుగురిలో ముగ్గురికి బ్యాక్‌లాగ్‌లు ఉండేవి. ఒకరికి ఏడు. మీకు ఎప్పుడూ చెప్పలేదు, అది మా తప్పు. మేం పాసైన ఫొటోలే పెట్టాం, ఫెయిలైన మెమోలు పెట్టలేదు. మనం గెలిచినవే రాసుకుంటే, ఓడినవాడికి ఈ గ్రూపులో చోటు లేదనిపిస్తుంది మరి.

వచ్చే ఆదివారం సాయంత్రం ఏడింటికి గ్రూప్ కాల్ పెడుతున్నాం. ఎం-వన్, ఫిజిక్స్, ఇంగ్లీష్ ఎలా గట్టెక్కామో సీనియర్లు చెప్తారు. ఎన్నిసార్లు రాశారో కూడా చెప్తారు. సిగ్నల్ లేని ఊళ్ళో ఉన్నవాళ్ళు పేరూ సబ్జెక్టూ మెసేజ్ పెట్టండి, నోట్సు పంపిస్తాం. మీ ఊళ్ళో ఎవరైనా చదువు ఆపేసి ఇంట్లో కూర్చుని ఉంటే, వాళ్ళనీ తీసుకురండి.

జోహార్.