చలనచిత్ర దర్శకురాండ్రు



నేను చాలకాలము తెలుగు పండితుడనై బడిపిల్లలకు పాఠములు చెప్పితిని. ఒకనాడు లింగభేదమును బోధించుచు, రచయిత - రచయిత్రి, నటుడు - నటి, గాయకుడు - గాయని అని నల్లబల్లపై వ్రాసి, దర్శకుడు అను మాట యొద్ద చేయి నిలిపితిని. ప్రక్కన నేమియు వ్రాయలేదు. “ఆడువారిలో దర్శకులు లేరా, మాస్టారూ?” అని యొక బాలిక యడిగెను. “ఆ మాట అంతగా వాడుకలో లేదమ్మా” అని తప్పించుకొంటిని. ఆమె యడిగినది చరిత్ర. నేను చెప్పినది వ్యాకరణము. ఆ బాకీని నేడు మీ యెదుట తీర్చుకొనదలచితిని.

సినిమా చూచునపుడు మనకు నటుల ముఖములు కనబడును, పాటలు వినబడును. కథ నే క్రమమున చెప్పవలెనో, కెమెరా నెచ్చట నిలుపవలెనో, నటు డెంతసేపు మౌనముగ నుండవలెనో నిర్ణయించిన మనుష్యుడు తెరపై కానరాడు. డెల్టా రైతులకు వేరుగ చెప్పనేల? చేలో నీరు కనబడును గాని, లాకుతలుపు లెత్తిన చేయి కనబడదు. ఆ చేయి స్త్రీదైనచో మనము మరింత తేలికగా మరతుము.

ఈ కళ పుట్టినప్పటినుండియు స్త్రీలు దీనిని నడపుచునే యున్నారు. ఫ్రాన్సు దేశమున ఆలీస్ గీ అను నామె 1896లోనే కథాచిత్రము తీసెను. మన దేశమున ఫాత్మా బేగం 1926లో ‘బుల్బులే పరిస్తాన్’ అను మూకీచిత్రమునకును, టి.పి. రాజలక్ష్మి 1936లో ‘మిస్ కమల’ అను తమిళచిత్రమునకును దర్శకత్వము వహించిరి.

తెలుగువారి విషయమునకు వత్తము. మన గోదావరి సీమవారైన కాళ్లకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’ నాటకమును కాకినాడ సి. పుల్లయ్యగారు 1939లో చలనచిత్రముగ తీసిరి. వరకట్నపు పెండ్లికి ఒడబడక ప్రాణము విడిచిన కాళింది పాత్రను అందు ధరించిన బాలిక ఒంగోలు ప్రాంతమునుండి వచ్చిన భానుమతి. పదునాలుగేండ్లకు, 1953లో, ఆమెయే ‘చండీరాణి’ చిత్రమునకు దర్శకురాలయ్యెను. తెలుగు, తమిళము, హిందీ, ఈ మూడు భాషలలోను ఆ చిత్రము తీయబడెను. అందు కవల సోదరీమణుల పాత్రలు రెండును ఆమెయే ధరించెను.

ఈ పనిలోని కష్టమును కొంచె మాలోచింపుడు. ఒకే ఘట్టమును భాషకొక పర్యాయము చొప్పున మరల మరల నడిపింపవలెను. ఇద్దరు సోదరీమణులు ఒక్కచో నిలిచినట్లు చూపుటకై, ఫిల్ములో సగము మూసి ఒక పాత్రను తీసి, పిదప తక్కిన సగమున రెండవ పాత్రను తీయుట ఆనాటి పద్ధతి. కెమెరా వెనుక యోచన, కెమెరా ముందు నటన, గొంతులో పాట, మూడును ఒక్కరివే. భానుమతిగారి పొగరును గూర్చి కథలుకథలుగా చెప్పుకొందుము గాని, ఈ శ్రమను గూర్చి యొక్కమాటయైన చెప్పుకొనము.

సావిత్రిగారి సంగతి మరియు విచారకరము. నా చిన్నతనమున డేరా సినిమాలో ‘మూగమనసులు’ చూచి ఊరంతయు కన్నీరు పెట్టెను. 1964లో విడుదలయైన ఆ చిత్రము మన గోదావరి యొడ్డు కథ. అదే కథను 1971లో ‘ప్రాప్తం’ అను పేర తమిళమున తీసినప్పుడు దర్శకత్వము వహించినది సావిత్రిగారే. అంతకు పూర్వము 1968లో ‘చిన్నారి పాపలు’ చిత్రమును ఆమె పెక్కు శాఖలలో స్త్రీలనే నియోగించి తీసిరి. సంగీతము పి. లీలగారిది. ఆ చిత్రము ధనము తేలేదు. సావిత్రిగారి దుఃఖము మనకు కంఠస్థము. ఆమె సాహసము మనకు తెలియదు.

విజయనిర్మలగారు 1973లో యద్దనపూడి సులోచనారాణిగారి నవలను ‘మీనా’ అను చిత్రముగ తీసిరి. మొత్తము నలుబదినాలుగు చిత్రములకు దర్శకత్వము వహించి, 2002లో గిన్నిస్ గ్రంథమున కెక్కిరి. అన్నియు గొప్పవని నేననను. ఏ దర్శకునకును అన్నియు గొప్పవి కావు. కాని స్త్రీ యొక చిత్రము తీసిన వింత యందురు. నలుబదినాలుగు తీసిన దానిని వృత్తి యనవలెను.

కడపట మన యింటి పేరు. కోనసీమ ముంగిటనున్న రావులపాలెమున పుట్టిన బి. జయగారు పాత్రికేయురాలిగ పనిచేసి, దర్శకురాలై, ‘చంటిగాడు’, ‘లవ్లీ’, ‘వైశాఖం’ మున్నగు చిత్రములు తీసి, 2018లో కాలధర్మము నొందిరి. రావులపాలెము మీదుగ నిత్యము ప్రయాణముచేయు మనలో నెందర కీ పేరు తెలియును?

గుర్తింపనగా బిరుదు కాదు, శాలువా కాదు. పనిచేసినవారి పేరు ఆ పని ప్రక్కన వ్రాయుటయే గుర్తింపు. మీ మనుమరాండ్రు సినిమా చూచి వచ్చినపుడు, “నటించిన దెవరు?” అని మాత్రమే గాక, “తీసిన దెవరు?” అని కూడ నడుగుడు. భానుమతిగారు పాడిరి, నటించిరి, చిత్రములను తీసిరి అని ఆ మూడవ మాటను కూడ చెప్పుడు.

నాటి బాలిక యిపుడెచ్చట నున్నదో యెరుగను. ఈ ప్రసంగము ఆమె చెవిని పడినచో, నల్లబల్లపై నేను ఖాళీగ విడిచినచోట “దర్శకురాలు” అని వ్రాసికొనుమని నా మనవి.