ట్రంకు పెట్టెలో గజ్జెలు

నాట్యం చిన్నపిల్లల సరదా అని మనవాళ్లు ఎప్పుడు తీర్మానించారోగాని, ఆ తీర్మానం ఇప్పటికీ రద్దు కాలేదు. ఆడపిల్లకి ఏడో ఏట గజ్జె కట్టిస్తాం. అప్పో సప్పో చేసి అరంగేట్రం జరిపిస్తాం. పెళ్లి కుదరగానే ఆ గజ్జెలు ట్రంకు పెట్టెలోకి పోతాయి. తర్వాతెప్పుడో అరవయ్యేళ్లావిడ నాలుగడుగులు వేస్తానంటే, "ఈ వయస్సులో ఇదేం చోద్యం!" అని ముందుగా నవ్వేది మనమే.

మగవారికి ఈ బాధ లేదు, చూశారూ! కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మగారు అరవై దాటాక కూడా సత్యభామ వేషం కట్టారు. జనం కళ్లప్పగించి చూశారు. అసలు సత్యభామలు మాత్రం మోకాళ్లకి తైలం రాసుకుని ప్రేక్షకుల్లో కూర్చున్నారు.

ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు కళానిధి నారాయణన్‌గారు గుర్తొస్తారు. ఆవిడ 1928లో పుట్టారు. దేవదాసీ కుటుంబాలకు బయటి ఆడపిల్లలు గజ్జె కట్టడమే అరుదైన రోజులవి. మైలాపూరు కపాలీశ్వరుడి కోవెలలో నాట్యసేవ చేసిన చివరి తరం మనిషి గౌరీ అమ్మాళ్ దగ్గర అభినయం నేర్చుకున్నారు. 1940లలో, ఇంకా చిన్నతనం వదలకుండానే నాట్యం ఆగిపోయింది. పెళ్లి, పిల్లలు, సంసారం. సుమారు ముప్పయ్యేళ్లు!

1973లో వై.జి. దొరైస్వామి అనే కళాభిమాని వచ్చి, అలర్మేల్ వల్లికి అభినయం నేర్పమని అడిగారు. అప్పటికి ఈవిడకు నలభై అయిదేళ్లకు కాస్త అటూ ఇటూ. ఒప్పుకున్నారు. ఆ తర్వాత మాళవికా సారుక్కై, ప్రియదర్శినీ గోవింద్ వంటివారెందరో ఆవిడ ముందు కూర్చుని నేర్చుకున్నారు. 1985లో పద్మభూషణ్ వచ్చింది. 2016లో, ఎనభై ఏడో ఏట పోయారు.

ఆవిడ నేర్పిన వాటిలో మన మువ్వ క్షేత్రయ్య పదాలు ముఖ్యం. ఆ నాయికల అలకా, అనుమానమూ, తెలిసీ తెలియనట్టు నటించడమూ పదహారేళ్ల పిల్ల చేస్తే గురువుగారిని అనుకరించినట్టే ఉంటుంది. ముప్పయ్యేళ్లు సంసారం ఈదినావిడకి ఒకరు చెప్పాలా! పైగా పదాభినయానికి ఎగరక్కరలేదు, గంతులక్కరలేదు. కూర్చునీ చెయ్యవచ్చు. ఒకే పంక్తిని పది రకాలుగా పట్టి చూపాలి. ఏ రకం అయింది, ఏది మిగిలింది అన్నది మనస్సులో ఉండాలి, తాళం తప్పకూడదు.

మతిమరుపుకి ఇదే మందు అని నేననడం లేదు. కాని న్యూయార్కులో డెబ్భై అయిదేళ్లు దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి, 2003లో వైద్యులు ఒక సంగతి ప్రకటించారు. చదువూ, చదరంగంలాంటి ఆటలూ, వాద్యం వాయించడమూ అలవాటున్నవారికి మతి చెడే జబ్బు తక్కువగా వచ్చిందట. ఒంటికి పని చెప్పే అలవాట్లలో మాత్రం అలా తేలింది నాట్యం ఒక్కటే. ఆడినందువల్ల మతి నిలిచిందో, మతి నిలిచినవాళ్లే ఆడగలిగారో ఆ లెక్కలు తేల్చి చెప్పలేవు. అయినా ఆడితే పోయేదేముంది? మోకాళ్లు మొరాయిస్తే మాత్రం డాక్టరుని అడిగి మరీ మొదలుపెట్టండి.

మా వియ్యపురాలిది వరంగల్లు. డెబ్భై రెండేళ్లు. ఏటా బతుకమ్మ చుట్టూ వంగుతూ, లేస్తూ, చప్పట్లు చరుస్తూ గంటసేపు తిరుగుతుంది. మధ్యలో పాట అందుకోవలసింది కూడా ఆవిడే. మీకు డాన్సు బాగా వచ్చే అన్నాను. సిగ్గుపడిపోయింది.

"డాన్సా! నాకెక్కడొస్తది వదినా? బతుకమ్మ ఆడుతగని!"